పాము పేరు మీద కోళ్ళు

మా వాడలో మాంసం పంచాలంటే బక్కయ్య కూర్చోవాల్సిందే. పండక్కి మేక కోసినా, పెళ్ళికి గొర్రెను కోసినా, నేల మీద వరసగా మోదుగాకులు పరిచి పోగులు పెట్టేది ఆయనే. ఇంటికో పోగు. ప్రతి పోగులోనూ ఇంత కండ, ఇంత బొక్క, ఇంత కార్జం, ఇంత పేగు పడాలి. ఊరికి పోయినవాడికీ పోగు పెట్టేవాడు, బాలింతకూ పెట్టేవాడు, వాడంతటితో పోట్లాడి మూతి ముడుచుకుని ఇంట్లో కూర్చున్నవాడికీ పెట్టేవాడు. అందరూ వచ్చి తమకు నచ్చిన పోగు ఎత్తుకుపోయాక ఆఖరున మిగిలింది పంచినవాడిది. పంచేవాడి చెయ్యి వంకర పోతే ఆ నష్టం వాడికే తగలాలని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. బక్కయ్య చేతికింద ఏ పోగు ఎత్తినా ఒకటే కనుక జనం తోసుకునేవాళ్ళు కాదు. కబుర్లు చెప్పుకుంటూ, ఎదురుగా ఉన్నది ఎత్తుకుని పోయేవాళ్ళు.

ఆ మనిషికి ఉన్న ఆస్తి ఆ నమ్మకమొక్కటే. గుంటెడు భూమి లేదు. గడ్డి కప్పిన గుడిసె, భార్య అండాలు, ఇద్దరు పిల్లలు. పేరుకు తగ్గట్టు ఎముకల గూడులా ఉండేవాడు. కానీ వాడలో ఎవరికి తగువొచ్చినా "బక్కన్నను పిలువుండ్రి, పోగేసినట్టు చెప్తడు" అనేవాళ్ళు. ఆ మాట వినపడితే మనిషి కొంచెం నిటారుగా నడిచేవాడు. ఆ మాత్రం గర్వం ఎవరికైనా ఉండాలి.

నార్కట్‌పల్లికి పొద్దున్నే నడక మొదలుపెడితే ఎండెక్కేసరికి చేరే ఊరు మాది. పేరుకు నిజాం నవాబు ఏలుబడి. ఆ నవాబు ఎక్కడో హైదరాబాదులో ఉండేవాడు. మాకు నవాబూ, పోలీసూ, కచేరీ అన్నీ గడీలో ఉండే దొరే. గడీకి నీళ్ళు మోయాలి, కట్టెలు కొట్టాలి, దొరసాని పుట్టింటికి పోతే బండి ముందు పరుగెత్తాలి. దీనికి కూలి ఉండదు. దీన్నే వెట్టి అంటారు. బక్కయ్య పుట్టింది వెట్టిలో, పెరిగింది వెట్టిలో.

ఒక ఏడు దొర అమ్రాబాదు అడవులకు వేటకు పోయాడు. పులి దొరకలేదు. ఉత్త చేతులతో వస్తే పరువు తక్కువ అనుకున్నాడేమో, ఒక కొండచిలువను పట్టించి బండి మీద ఎక్కించుకొచ్చాడు. గడీ వెనక కొట్టంలో దానికి ఇనుప చువ్వల బోను కట్టించాడు. తాసీల్దారు వచ్చినా, పోలీసు అమీను వచ్చినా ముందు పాము దర్శనం, తర్వాతే భోజనం. దొరలకు పొద్దుపోవద్దూ మరి. ఒకడు గుర్రాలను సాకుతాడు, ఇంకొకడు వేటకుక్కలను సాకుతాడు. మా దొరకు పాము దొరికింది.

ఆ పామును సాకే పని బక్కయ్య నెత్తిన పడింది. బోను కడగాలి, తొట్టిలో నీళ్ళు పెట్టాలి, బతికున్న కోడిని లోపల వదలాలి. కోళ్ళు ఎక్కడివంటే ఊరివే. దొరవారి కోళ్ళు దొరవారికి, ఊరి కోళ్ళు దొరవారి పాముకు. ఇంటింటికీ వంతు పెట్టారు. దానికి జనం 'పామువంతు' అని పేరు పెట్టుకున్నారు. వంతు వచ్చిన ఇంటికి బక్కయ్య గంప పట్టుకుని పోయేవాడు. ఇచ్చేవాళ్ళు పామును తిట్టుకున్నారు, దొరను లోలోపల తిట్టుకున్నారు. బక్కయ్యను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మన బక్కన్నే కదా, వాడేం చేస్తాడు పాపం అనుకున్నారు.

దీపావళి దాటింది. చలి ముదిరింది. పాము తిండి మానేసింది.

అంతకు ముందు కోడిని వదిలితే మెడ ఎత్తి చూసేది. చూసిన కాసేపటికి కోడి ఉండేది కాదు. ఇప్పుడు చుట్ట చుట్టుకుని, తల లోపలికి పెట్టుకుని, ఉలకదు పలకదు. అలా మానేశాక వదిలిన కోడి మొదట భయంతో మూలకు నక్కింది. తర్వాత ధైర్యం చేసి బోనంతా తిరిగింది. తెల్లారి బక్కయ్య పోయి చూస్తే, అది పాము చుట్ట మీదికెక్కి రెక్కలు ముడుచుకుని హాయిగా కూర్చుని ఉంది. పైగా అక్కడే ఒక గుడ్డు కూడా పెట్టింది.

బక్కయ్యకు నవ్వు రావాల్సింది. కానీ దొర గుర్తొచ్చాడు. కోడి నచ్చలేదేమోనని పందికొక్కును పట్టి వేశాడు. తుప్పల్లో ఉచ్చు పెట్టి కుందేలును తెచ్చి వేశాడు. పాముకు చలి పెడుతోందేమోనని ఇసుక వేడి చేసి బోనులో పోశాడు. ఇంట్లో ఉన్న ఒక్క గొంగడినీ తెచ్చి బోనుకు కప్పి, తాను గోనెసంచి కప్పుకుని తిరిగాడు. చువ్వల ముందు గొంతు కూర్చుని, "తిను తల్లీ, ఒక్కదాన్ని మింగు, నీ కాళ్ళు మొక్కుత" అని బతిమాలాడు. పాముకు కాళ్ళెక్కడివని కూడా తోచలేదు ఆయనకు.

ఒక పొద్దున దొర కొట్టంలోకి వచ్చాడు. చేతికర్రతో చువ్వల మీద టకటకమని కొట్టి, "ఏంరా బక్కిగా, పాము తింటున్నదా?" అన్నాడు.

బక్కయ్య నోరు తెరిచేలోపే మళ్ళీ అన్నాడు. "అది నీ చేతుల సచ్చిందో, దాని బోన్ల నిన్నేస్త. ఏమనుకుంటున్నవో."

"తింటాంది బాంచెన్," అన్నాడు బక్కయ్య. "మంచిగ తింటాంది."

భయంతో జారిన మాట అది. ఆ మాట అనేటప్పుడు పాము తినని కోడి ఆయన పక్కనే గంపలో ఉంది.

ఇప్పుడు ఆ కోడిని ఏం చేయాలి? ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇస్తే పాము తినడం లేదన్న మాట ఊరంతా పాకుతుంది. ఊళ్ళో పాకిన మాట గడీ గోడ దూకడానికి ఎంతసేపు? పోనీ తన ఇంట్లో పెంచుకుందామంటే మా వాడ ఆడవాళ్ళు తమ కోడిని నడక చూసే గుర్తుపడతారు. వదిలేస్తే నేరుగా పాత గూటికే పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆయన పని. మధ్యాహ్నం వాడంతా దొర పొలాల మీద ఉన్న వేళ చూసి, కోడి మెడ విరిచి ఇంటికి తెచ్చాడు.

"ఎవల కోడి ఇది?" అంది అండాలు.

"పాముది."

"పాముది మనకెట్ల వచ్చింది?"

"పాము తింటలేదే. తింటాందని దొరకు చెప్పిన."

"అయితే ఇచ్చినోళ్ళకు ఇయ్యరాదు?"

"ఇస్తె నా పానం పోతది."

అండాలు కాసేపు కోడి వైపు, కాసేపు మొగుడి వైపు చూసింది. తర్వాత పొయ్యి ముట్టించింది. ఆ రోజు బక్కయ్య ముక్క ముట్టలేదు. జొన్న గటకలో ఇంత పులుసు పోసుకుని, అదీ గొంతు దిగక సగంలో లేచాడు. పిల్లలు మాత్రం బొక్కలు కూడా నమిలేశారు. ఎవరికీ చెప్పొద్దని ఇద్దరికీ మరీ మరీ చెప్పి, బూడిదతో చేతులు తోమించి బయటికి పంపాడు. ఈకలను గడీ పెంటకుప్పలో పూడ్చాడు.

తర్వాతి వంతుకు ఆయనా తిన్నాడు.

మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు. కష్టానికి పడితే మెచ్చుకుంటాం, దీనికి ఏమనాలి? చలికాలం సాగుతున్న కొద్దీ అండాలు బుగ్గలు నిండాయి. చిన్నవాడికి కాళ్ళలో బలం వచ్చింది. పాముకు కోడి వేయడం, అది ముట్టకపోవడం, మధ్యాహ్నం ఇంటికి తేవడం ఒక పద్ధతిలో పడిపోయాయి. వంతు ఇంటికి పోయినప్పుడు కోడిని అందుకుని, రెక్క కింద వేళ్ళు పెట్టి కండ ఉందా లేదా అని తడమడం మొదలుపెట్టాడు బక్కయ్య. ఒకసారి ఒక ఇంట్లో బక్కచిక్కిన పెట్టను ఇస్తే "గిది పాముకు ఏ మూలకు సాల్తది, ఇంకోటి తియ్యి" అన్నాడు. అని బయటికొచ్చాక తన మాట తనకే వినపడి, ఆ గోడ పక్కన కాసేపు నిలబడిపోయాడు. అయినా గంపలోని కోడిని దించలేదు.

అన్నిటికన్నా పెద్ద పాపం ఇంకొకటి ఉంది. తిను తల్లీ అని బతిమాలిన నోటితోనే ఇప్పుడు బోను ముందు నిలబడి, ఇయ్యాల కూడా తినకు తల్లీ అనుకునేవాడు. పైకి అనేవాడు కాదు. అనుకున్నందుకు సిగ్గుపడేవాడు. సిగ్గుపడుతూనే తినేవాడు.

వంతు తిరిగి తిరిగి పక్కింటి జానమ్మకు వచ్చింది. జానమ్మకు మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, ఎల్లస్వామి. వాడికి కిందటి ఎండాకాలం అమ్మవారు పోసి బతుకుతాడో లేడో అన్నప్పుడు, మైసమ్మకు ఎర్ర పుంజును మొక్కింది. వాడు బతికాడు. పుంజు కాలికి పసుపు దారం కట్టి, తన గటకలో సగం దానికి పెట్టి సాకుతోంది. ఆషాఢంలో తల్లికి ఇవ్వాలి.

"బక్కన్నా, ఇది మొక్కు పుంజు," అంది జానమ్మ. "కాలుకు దారం సూడు. మా ఇంట్ల ఇంకోటి లేదు. జర వంతు ఎన్కకు జరుపు, యాడికెళ్ళన్న తెచ్చిస్త."

ఇక్కడ బక్కయ్య సరే అంటే అయిపోయేది. పాము తినడం లేదు. తినని పాముకు ఏ కోడి అయితేనేం, అసలు కోడి లేకపోతేనేం? ఆ రోజు గంప ఖాళీగా తెచ్చినా దొర వచ్చి లెక్క అడిగేవాడు కాదు. ఇదంతా ఆయనకు తెలుసు. కానీ ఆయన చెయ్యి అప్పటికే పుంజు రెక్క కింద ఉంది. పుంజు మంచి బరువుగా ఉంది.

"దొర పాముకు మొక్కులు తెల్వయి చెల్లె," అన్నాడు.

జానమ్మ పుంజు కాలి దారం విప్పి తన కొంగున ముడేసుకుంది.

ఇంట్లో అండాలు ఆ పుంజును చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "గిది మైసమ్మది. నేను ముట్ట. నువ్వూ ముట్టకు."

"తీస్కపోయి ఇచ్చెయ్యమంటవా? దీన్ని పాము ఇడిసిపెట్టిందంటే, ముందటియన్ని ఏమైనయని అడగరా?"

ఆయన అన్నది నిజమే. ఒక్క కోడిని తిరిగి ఇస్తే తిన్న కోళ్ళన్నీ బయటపడతాయి. ఆ రోజు ఆయనే కోశాడు, ఆయనే వండాడు, ఆయనే పిల్లలకు పెట్టాడు. అండాలు ఉప్పు నంజుకుని గటక తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత చాలాకాలం వాళ్ళిద్దరి మధ్య పనికి సంబంధించిన మాటలే నడిచాయి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఉగాది వెళ్ళి ఎండ ముదిరాక, ఒక పొద్దున బక్కయ్య పోయి చూస్తే బోనులో కోడి లేదు. పాము నడుమ ఇంత ఉబ్బుగా కనిపించింది. ప్రాణగండం నుంచి గట్టెక్కిన మనిషి ఎగిరి గంతెయ్యాలి. బక్కయ్య ఖాళీ గంప పట్టుకుని, ఏదో పోగొట్టుకున్నవాడిలా ఇంటికొచ్చాడు.

చిన్నవాడు గుమ్మంలో ఎదురొచ్చి గంపలోకి తొంగిచూశాడు. "నాయినా, ఇయ్యాల పాము మనకియ్యలేదా?" అన్నాడు.

బక్కయ్య వాడి చెంప మీద కొట్టాడు. అంతకు ముందు పిల్లల మీద ఎన్నడూ చెయ్యెత్తని మనిషి. వాడు ఏడవడం కూడా మరిచిపోయి తండ్రి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. పాము కోళ్ళు ఇస్తుందనే కదా వాడికి తెలిసింది. ఎవరు నేర్పితే నేర్చుకున్నాడు?

ఎండాకాలమంతా పాము తిన్నది. తొలకరి పడేసరికి దొరకు దాని మీద మోజు తీరింది. హైదరాబాదులో ఎవరో నవాబు దగ్గర పని పడితే, బోనుతో సహా బండెక్కించి కానుకగా పంపేశాడు. బండి ఊరు దాటిపోతుంటే వాడంతా రోడ్డు మీదికొచ్చి చూసింది. పామువంతు పీడ వదిలింది. ఈసారి ఆషాఢంలో మైసమ్మకు వాడంతా కలిసి మేకను ఇద్దామని వాడపెద్ద భిక్షపతి అన్నాడు. అందరూ సరేనన్నారు.

మేకను కోశారు. మోదుగాకులు తెచ్చారు. బక్కయ్యను పిలిచారు.

"నా చెయ్యి నొస్తాంది మామా, ఈసారి ఇంకెవలన్న పోగులెయ్యుండ్రి," అన్నాడు బక్కయ్య.

"నువ్వుండంగ ఇంకెవలేస్తరు? కూసో," అన్నాడు భిక్షపతి.

కూర్చున్నాడు. జానమ్మ పక్కనే ఆకులు కడిగి ఒక్కొక్కటీ అందిస్తోంది. అందరూ మైసమ్మకు ఏదో ఒకటి తెచ్చుకున్నారు. జానమ్మ బోనం మాత్రమే తెచ్చింది, పుంజు లేదు. ఆమె చేతుల నుంచి ఆకు అందుకున్నప్పుడల్లా బక్కయ్యకు తల వంగిపోతోంది. చివరికి ఉండబట్టలేక, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"చెల్లె, నీ పుంజు పాము తినలే."

జానమ్మ ఆకు కడగడం ఆపలేదు. "ఎరుకే," అంది.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఒకలు చెప్పాల్నా? మీ చిన్నోని చేతులు మా ఎల్లస్వామి వాసన సూసి వచ్చేటోడు. బూడిద రాస్తె కూర వాసన పోతదా? నాకొక్కదానికే గాదు, వాడంత ఎరుకే. మొదటి కోడికెళ్ళి ఎరుకే."

బక్కయ్య చేతిలో కత్తి ఆగిపోయింది. "మరెందుకు ఊకున్నరు?"

"చెప్తె దొర నిన్ను బతకనిస్తడా? పాము నోట్లె పడే బదులు మన పోరగాండ్లే తింటుండ్రు, తిననియ్యిండ్రి అన్నడు భిక్షపతి మామ. అందరం నోరు మూసుకున్నం."

చలికాలమంతా తాను వాడ కళ్ళు కప్పుతున్నానని అనుకున్నాడు బక్కయ్య. కానీ వాడంతా కలిసి తననే గడీ కంట పడకుండా కప్పుకుంటూ వచ్చింది. వంతుకు కోడిని ఇస్తూ తన ముఖంలోకి చూసిన ప్రతి ఆడమనిషికీ సంగతి తెలుసు. బక్క కోడి వద్దు, ఇంకోటి తియ్యి అన్నప్పుడు కూడా తెలుసు. భూమి చీలితే బాగుండు అనిపించింది ఆయనకు.

"నీది మొక్కు పుంజు గద చెల్లె," అన్నాడు.

"దానికి నేను మైసమ్మకు చెప్పుకున్న, ఇంకో యేడు ఆగుమని. తల్లి ఆగుతది." జానమ్మ మరో ఆకు అందించింది. "గది గాదు బక్కన్నా. వంతు వంతుకు అనుకుంటుంటి, మన బక్కన్న గద, ఏదో ఒకనాడు ఇంత ఆకుల కట్టి పంపుతడని. మావోడు గడప మీద కూసుండి మీ ఇంటి దిక్కే సూసేటోడు. ఊరికి పోయినోనికి గూడ పోగు పెట్టేటోనివి. ఒక్కనాడన్న పంపలే."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. దొంగతనం ఎందుకు చేశావని అడిగితే బక్కయ్య దగ్గర జవాబు ఉంది. దొర భయం ఉంది, ప్రాణభయం ఉంది, పిల్లల ఆకలి ఉంది. వాడ ఆ తప్పును ఎన్నడో క్షమించేసింది కూడా. కానీ పక్కింటి గడప మీద కూర్చున్న పిల్లవాడికి ఒక ముక్క పంపొద్దని ఏ దొరా చెప్పలేదు. రహస్యం బయటపడుతుందని పంపలేదందామంటే, అదీ పూర్తిగా నిజం కాదు. పంపాలన్న ఆలోచనే ఆయనకు ఎన్నడూ రాలేదు. వాడలో అందరికీ పోగులు పంచే బక్కయ్యకు అది తట్టనే లేదు.

పోగులు వేయడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు నిండి ఆకులు మసకగా కనిపించాయి. ఒక ఆకు మీద ఎక్కువ పడింది, ఒక ఆకు మీద తక్కువ పడింది. అందులోంచి తీసి ఇందులో వేస్తే ఇంకా అధ్వాన్నమైంది. జన్మలో మొదటిసారి బక్కయ్య వేసిన పోగులు సమంగా రాలేదు. చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయేంత తేడా వచ్చింది. అయినా నోరెత్తినవాళ్ళు లేరు.

"అయింది, ఎత్తుకోండ్రి," అన్నాడు భిక్షపతి.

ఒక్కొక్కరే వచ్చారు. బక్కయ్య తల ఎత్తలేదు. ఆయనకు వచ్చే పాదాలూ, వంగే చేతులూ మాత్రమే కనిపించాయి. కాసేపటికి ఆ చేతులు చేస్తున్నదేమిటో తెలిసింది. పెద్ద పోగులను దాటిపోయి చిన్నవి ఎత్తుకుంటున్నాయి. ముందు వచ్చినవాళ్ళు మరీ చిన్నవి తీసుకున్నారు, తర్వాతి వాళ్ళు మిగిలినవాటిలో చిన్నవి చూసుకుని తీసుకున్నారు. జానమ్మ ఒక గుప్పెడు కూడా లేని పోగును ఎత్తి గిన్నెలో వేసుకుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు, సైగ చేసుకోలేదు.

ఆఖరున ఒక్క ఆకు మిగిలింది. అన్నిటికన్నా పెద్ద పోగు అది.

"గిది నాది గాదు మామా," అన్నాడు బక్కయ్య.

"కడపటిది పంచినోనిది," అన్నాడు భిక్షపతి. "కట్టుబాటు గద. ఎత్తుకో."

బక్కయ్య చాలాసేపు దాని ముందు అలాగే కూర్చున్నాడు. వాడంతా ఇళ్ళకు పోయి పొయ్యిలు ముట్టించుకుంది. చివరికి అండాలు వచ్చి పక్కన నిలబడితే, రెండు చేతులతో ఆకు ఎత్తుకుని లేచాడు. ఇంటిదాకా తల దించుకునే నడిచాడు.